డబ్బాపాల పార్టీ

నా చేతికి మొదటి గడియారం పెట్టింది మా నాయన కాదు, కట్టుకున్నవాడూ కాదు. పాలడబ్బా కంపెనీ. తెల్లటి ముఖం, ఎర్రటి సెకన్ల ముల్లు, పన్నెండు అంకె కింద బోసినవ్వు నవ్వే బిడ్డ బొమ్మ. ఆ బొమ్మే డబ్బా మీద కూడా ఉండేది. నర్సుకు సెకన్ల ముల్లు లేకుండా ఎట్లా? నాడి చూడాలి, డ్రిప్పు చుక్కలు చూడాలి. అందుకే తీసుకున్నాను. సిగ్గుపడుతూ తీసుకున్నానని ఇప్పుడు రాస్తే అది అబద్ధం. మురిసిపోతూ తీసుకున్నాను. ఆ ఆదివారం చర్చిలో పాటల పుస్తకాన్ని అవసరానికి మించి పైకెత్తి పట్టుకున్నాను, మణికట్టు నలుగురికీ కనబడాలని.

మాది జమ్మలమడుగు. తాతల కాలంలో మిషన్ దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. నాయన బడిపంతులు, మేనత్తలిద్దరూ నర్సులు, కాబట్టి ఏం చదువుతావని నన్నెవరూ అడగలేదు. నాకు పని నేర్పింది ఒక ముసలి మేట్రన్. బిడ్డ పుట్టిన గంటలోపు తల్లి రొమ్ముకు పట్టించకపోతే ఆమె మా చెవి పట్టుకునేది. తేనె నాకించామని తెలిసినా, చక్కెర నీళ్ళు పోశామని తెలిసినా ఆ పూట మాకు తిట్లే భోజనం. "బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరతాయే. తాగకుంటే ఎండిపోతాయి. ఇంతకు మించి శాస్త్రం ల్యా," అనేది. మూడేళ్ళపాటు విని విని చెవులు చిల్లులు పడ్డాయి. పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చి, ఒక పిల్లల డాక్టరు నర్సింగ్ హోంలో చేరిన నెలకే ఆ మాటలన్నీ నాకు పాతకాలపు ముచ్చట్లయిపోయాయి.

ఇక్కడ అంతా కొత్త. డాక్టరు బల్ల మీది గడియారం కంపెనీది. గోడ మీది గడియారం కంపెనీది. క్యాలెండరు, పేపరువెయిట్, పిల్లల తూకం యంత్రం, దాని మీద పరిచే పూల గుడ్డ, కిటికీ తెర, చివరికి చేతులు తుడుచుకునే టవలు కూడా వాళ్ళదే. అన్నిటి మీదా అదే బోసినవ్వు. ఎటు తిరిగినా ఆ బిడ్డ మనల్నే చూస్తుండేవాడు. డాక్టరు చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పేస్తాను. వెంట్రుకంత నరాన్ని మొదటి పోటుకే పట్టేవాడు. అర్ధగంట ఏడ్చే బిడ్డను భుజాన వేసుకుని రెండు నిమిషాల్లో నిద్రపుచ్చేవాడు. చెయ్యి అంత మంచిది. ఆ చేతిలోని పెన్ను మాత్రం కంపెనీది.

ఇక కంపెనీ ఆయన సంగతి. కృష్ణా జిల్లా మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, మడత నలగని చొక్కా. మా ఎండలో కూడా ఆయనకు చెమట పట్టేది కాదు, అదేం విద్యో. వచ్చిన ప్రతిసారీ మా అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగేవాడు. ఒకసారి ఆమెకని పూతమందు కూడా తెచ్చాడు. మా ఆయనకు గుర్తులేని మోకాళ్ళు ఆయనకు గుర్తున్నాయి. తల్లిపాల మీద ఒక్కనాడూ చెడ్డమాట అనలేదు. పైగా, "తల్లిపాలే అమృతమండీ సిస్టర్ గారూ. అవి చాలని వాళ్ళకే మన డబ్బా," అనేవాడు, చేతులు రెండూ గుండెకు ఆనించుకుని.

చాలనివాళ్ళెవరో తేల్చేది డాక్టరు. ఆయన పెన్ను ఎవరిదో ఇప్పుడే చెప్పాను. చూస్తుండగానే మా నర్సింగ్ హోంకు వచ్చే తల్లులందరికీ పాలు చాలకుండా పోయాయి. పుష్టిగా, పైట తడిసిపోతూ వచ్చిన తల్లికి కూడా డాక్టరు, "ఎందుకైనా మంచిది, ఒక డబ్బా పెట్టుకోమ్మా," అనేవాడు. చీటీ మీద ఒక టిక్కు పెట్టి నా వైపు తోసేవాడు. ఎన్ని స్పూన్ల పొడికి ఎన్ని నీళ్ళో, రోజుకెన్నిసార్లో రాసిచ్చేది నేను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆ పని నాకే అప్పగించారు. మొదటి డబ్బా ఉచితం. అది అయిపోయేలోపు తల్లి రొమ్ము సగం ఎండేది. రెండో డబ్బా కోసం ఎవరూ ఎవరినీ బలవంతపెట్టాల్సిన పని లేదు.

అవి పార్టీల రోజులు. మా వైపు పార్టీ అంటే ఓటు మాత్రమే అనుకునేరు. ఏ హోటల్లో కాఫీ తాగాలి, ఏ బస్సెక్కాలి, ఏ బస్సెక్కినా ఏ ఊరి దగ్గర తల దించుకోవాలి, అన్నీ పార్టీనే చెప్పేది. ఒకరి దగ్గర ఏదైనా తీసుకుంటే వాళ్ళ మనిషివైపోయినట్టే. కాదంటే అవతలి పార్టీకి పోయినట్టు. మధ్యలో నిలబడే చోటే ఉండేది కాదు. మా డాక్టరు దగ్గరికి మాత్రం రెండు పార్టీల వాళ్ళూ వచ్చేవాళ్ళు, పిల్లల డాక్టర్లు తక్కువ గనక. అందుకే ఆయన తన నర్సింగ్ హోంకు రెండు వాకిళ్ళు పెట్టించాడు. ముందు వాకిలిలో ఒక పార్టీ ఉందంటే నేను పోయి వెనక వాకిలి తలుపు తీయాలి. నర్సింగులో నాకు నేర్పని పాఠం అదొక్కటే.

ఆ వాకిళ్ళ సంగతి తెలియని కంపెనీ ఆయన ఒక గొప్ప పని తలపెట్టాడు. ప్రొద్దుటూరులో ఆరోగ్య శిశువుల పోటీ. ఏడాదిలోపు పిల్లల్లో బొద్దుగా ఉన్నవాడికి వెండి గిన్నె, మిగతావాళ్ళకు డబ్బాలు. తూకం, బహుమతి, ఫోటోలు, భోజనం. న్యాయనిర్ణేత మా డాక్టరు. ఆయన ఎందుకు ఒప్పుకున్నాడంటే ఆ ఎండాకాలం ఊటీలో డాక్టర్ల మీటింగు ఉంది, కంపెనీ ఖర్చుతో. ముఖ్య అతిథులుగా కంపెనీ ఆయన ఇద్దరు పెద్దమనుషులను పిలిచాడు. ఇద్దరిదీ తొండూరు పక్క ఒకే పల్లె. ఇద్దరికీ మనవళ్ళు ఆ ఏడే పుట్టారు. ఎంత చక్కటి పొంతన అనుకున్నాడు పాపం. వాళ్ళిద్దరి మధ్య ఎన్ని కేసులు నడుస్తున్నాయో మా వైపు గోడలకు కూడా తెలుసు. ఆయనకు మాత్రం తెలియదు.

ఆ పొద్దు కల్యాణ మండపం ముందు జీపులు దిగుతుంటే డాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎడమ పక్క కుర్చీల్లో ఒక పార్టీ, కుడి పక్క ఇంకో పార్టీ. అందరి భుజాల మీదా తువ్వాళ్ళు, తువ్వాళ్ళ కింద ఏముందో ఎవరూ అడగరు. మధ్యలో కంపెనీ ఆయన, "రండి రండి, అందరూ కలిసి కూర్చోండి," అని నవ్వుతూ తిరుగుతున్నాడు. పోలీసులు కూడా అనలేని మాట అది.

తూకం వేసేది నేను. మొదటి పెద్దమనిషి మనవణ్ణి యంత్రం మీద పెట్టాను. రెండో ఆయన కుర్చీలోంచే అడిగాడు.

"ఈ తక్కెడ ఎవురిది?"

"కంపెనీదండి," అన్నాడు కంపెనీ ఆయన.

"కంపెనీది ఏ పార్టీ?"

డాక్టరు నా చెవి దగ్గరికి వంగి, "సిస్టర్, నీకు దండం పెడతా, అంకె పైకి చదవొద్దు," అన్నాడు. నేను ముల్లు చూసి, "బాగుంది," అన్నాను. రెండో మనవణ్ణి పెట్టి, "ఇదీ బాగుంది," అన్నాను. డాక్టరు చెమట తుడుచుకుని, మొదటి బహుమతి ఇద్దరికీ అని ప్రకటించాడు. రెండో బహుమతి ఎవరికీ లేదు. వెండి గిన్నె ఒక్కటే ఉంది కాబట్టి రెండో ఆయనకు భోజనాల దగ్గరి వెండి కుంకుమ భరిణె తెచ్చి ఇచ్చారు. ఎవరిది పెద్దదని ఎవరూ అడగకుండా వెంటనే వడ్డన మొదలుపెట్టించారు.

నేనప్పుడు చెప్పని ముక్క ఒకటుంది. తూకానికి ముందు వేదిక వెనక గదిలోకి పోతే, ఆ మొదటి మనవడు వాళ్ళమ్మ రొమ్ము పట్టుకుని లోకం మరిచి తాగుతున్నాడు. పుట్టినప్పటి నుంచీ అదే తాగాడట, డబ్బా ముఖం ఎరగడు. "డబ్బా పాలు వానికి ఇమడవు సిస్టరమ్మా, కక్కేస్తాడు. మా మామకు చెప్పొద్దు," అంది తల్లి. నేను చెప్పలేదు. బయటికొచ్చి ఆ బిడ్డ పక్కన డబ్బా పెట్టి ఫోటో తీస్తుంటే డబ్బా జారకుండా పట్టుకున్నాను.

భోజనాల ముందు మొదటి పెద్దమనిషి మైకు అందుకున్నాడు. "మా వోడు ఎట్లుండాడో చూసినారు గదా. నన్ను నమ్ముకున్నోళ్ళ బిడ్డలు గూడా ఇట్లనే ఉండల్ల. ఇంగ మా వాళ్ళ బిడ్డలందరికీ నెలకు రెండు డబ్బాలు నేనే ఇస్తా," అన్నాడు. ఎడమ పక్క చప్పట్లు. రెండో ఆయన ఊరుకుంటాడా? ఆయనా మైకు లాక్కుని అదే మాట చెప్పాడు, ఇంకొంచెం గట్టిగా. కుడి పక్క ఈలలు. ఏ రాజీ పంచాయితీలోనూ ఒక్క మాట మీదికి రాని రెండు పార్టీలు ఆ డబ్బా దగ్గర కలిశాయి. కంపెనీ ఆయన ముఖం చూసి తీరాల్సింది. ఊటీకి డాక్టరు ఒక్కడే కాదు, ఆయన కుటుంబమంతా పోయి వచ్చింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ముద్దనూరు బస్సు దిగి అత్తాకోడళ్ళు వచ్చారు. ముందు వాకిలి ఖాళీగా ఉంది, అందులోంచే వచ్చారు. కోడలికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఒళ్ళో గుడ్డ మూట. మూట విప్పితే బిడ్డ. ఐదు నెలల మగబిడ్డ, రెండు నెలల వాడిలా ఉన్నాడు. కళ్ళు గుంటలు పడ్డాయి, నడినెత్తి లోపలికి పోయింది, ఏడవడానికి నోరు తెరుస్తున్నాడు గానీ శబ్దం రావడం లేదు. మూడు రోజులుగా విరేచనాలట.

"ఏం పోస్తాండావు?" అన్నాను డ్రిప్పు సామాను తీస్తూ.

"మీరు చెప్పిందే సిస్టరమ్మా," అని కొంగు ముడి విప్పి చీటీ తీసింది. మడతలు అరిగి చిల్లులు పడ్డాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. నావే. నెల బిడ్డగా ఉన్నప్పుడు జలుబని తీసుకొచ్చిందట, డాక్టరు టిక్కు పెట్టాడు, నేను రాశాను. ఆమె ముఖం నాకు గుర్తే లేదు.

మూడు స్పూన్లని రాస్తే ఒక్కటే వేస్తోంది. మైకులో మాటిచ్చినట్టే వాళ్ళ పార్టీ పెద్దాయన నెలకు రెండు డబ్బాలిస్తాడు. సరిగా కలిపితే అవి వారం పది రోజులకు మించి రావు. ఇంకోటి అడగడానికి నోరు రాదు. మొగుడు కడప జైల్లో ఉన్నాడు, బాంబుల కేసు. ఇంటికి జొన్నలు, కందిపప్పు వచ్చేది పెద్దాయన ఇంటి నుంచే. నీళ్ళు ట్యాంకరువి. ఆ తెల్లనీళ్ళే పట్టీ పట్టీ, రొమ్ము ఇవ్వడం మానేసి, ఈమె పాలు ఎండిపోయాయి.

డాక్టరు వచ్చి చూశాడు. మొదటి పోటుకే నరం పట్టాడు, దానికి మాత్రం ఆయనకు దండం పెట్టాలి. బిడ్డకు ప్రమాదం ఆ రోజుకు తప్పింది. చేయి కడుక్కుని కంపెనీ టవలుతో తుడుచుకుని, కంపెనీ పెన్నుతో చీటీ రాశాడు. "ఈ పాలు పడటం లేదు వీడికి. ఇదే కంపెనీది ఇంకో రకం ఉంది, విరేచనాల పిల్లలకు. అది మొదలుపెట్టండి."

డబ్బాకు విరుగుడు ఇంకో డబ్బా. చీటీ నా వైపు తోశాడు, స్పూన్లు రాయమని. నా ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో కూడా తెలియలేదు. రాస్తానని చెప్పి జేబులో పెట్టుకున్నాను. ఆయన ఇంటికి భోజనానికి పోయాక వెనక గదిలోకి పోయి, "డబ్బా మానెయ్. రొమ్ముకు పట్టు," అన్నాను ఆ పిల్లతో.

"పాలు యాడుండాయి సిస్టరమ్మా?"

"పట్టిస్తే వస్తాయి."

"వచ్చినా మానలేను. పెద్దాయన ఇచ్చే డబ్బా వద్దంటే ఏమనుకుంటారు? అవతల పార్టీ వాళ్ళు ఏమన్నా ఇచ్చినారేమో, మారిపోయిందేమో అనుకోరా? మా ఆయన లోపలుండాడు. ఆయనకు వకీలును పెట్టింది పెద్దాయనే," అంది.

"పార్టీ గీర్టీ అంటూ బిడ్డను చంపుకుంటావా?" అని గట్టిగా కసిరాను. నాకు కోపం ఎక్కువ, అది అందరికీ తెలుసు.

ఆ పిల్ల భయపడలేదు. బిడ్డ నాడి చూడటానికి చాపిన నా చేతి వైపు చూసింది. "నీ చేతికి ఉండేది గూడా ఆ డబ్బా బిడ్డే గదా సిస్టరమ్మా. నువ్వూ వాళ్ళ పార్టీనే. మేము పెద్దాయనది తింటాండాము, నువ్వు వాళ్ళది కట్టుకుండావు. వద్దనడం నీకు మాత్రం అయితుందా?"

అక్షరం ముక్క రాని పిల్ల చెప్పుతో కొట్టినట్టు చెప్పింది. గడియారం విప్పి జేబులో వేసుకున్నాను. నాడి చూడాలి కదా, సెకన్ల ముల్లు కోసం గోడ వైపు చూస్తే, గోడ గడియారంలో అదే బోసినవ్వు. దాన్నే చూస్తూ లెక్కపెట్టాను, ఏం చేయను!

ఆ రోజు నుంచి వెనక గదిలో మా దొంగ వైద్యం మొదలైంది. పెద్దాయన మనుషులకు మా దగ్గర బిల్లు ఉండేది కాదు, అడిగే ధైర్యం డాక్టరుకు లేదు. బిల్లు లేనివాళ్ళు ఎప్పుడు పోతారని కూడా ఎవరూ అడగరు. అలా ఎన్నాళ్ళయినా ఉండొచ్చు. ముసలి మేట్రన్ చెప్పిందంతా గుర్తుకు తెచ్చుకున్నాను. గంటకోసారి బిడ్డను రొమ్ముకు పట్టించాలి. ఖాళీ రొమ్ము వాడు పట్టడు, ముఖం తిప్పుకుని కేకలు. అందుకని ఉగ్గుగిన్నెతో సరిగా కలిపిన పాలు చుక్కలు చుక్కలుగా రొమ్ము మీద జారవిడిచాను. ఆ చుక్కల కోసం చప్పరిస్తూ చప్పరిస్తూ వాడు రొమ్ము పట్టాలి. వాడు పట్టడు. ఆ పిల్ల ఏడుస్తుంది. అత్త గోడకానుకుని, "ఎండిన బోరులో నీళ్ళొస్తాయా ఏంది," అని గొణుగుతుంది. నేను ఆమె మీద అరుస్తాను. ఇలా నాలుగు రోజులు. నాకే నమ్మకం పోయింది. మేట్రన్ అబద్ధమేమో, కంపెనీ నిజమేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను.

ఐదో రోజు పగలు ఆ పిల్ల నన్ను పిలిచింది. కేక కాదు, గొంతులోంచి గుసగుస. బిడ్డ నోటి పక్క నుంచి సన్నగా ఒక తెల్లటి చార. ఉగ్గుగిన్నె అవతల బల్ల మీద బోర్లించి ఉంది. నేను పోసింది కాదు. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. నర్సు ఏడవకూడదని కూడా మేట్రనే చెప్పింది, ఆ ఒక్కటి పాటించలేకపోయాను.

పాలు వచ్చాయి సరే, డబ్బా సంగతి? పెద్దాయన మనిషి ఒకడు రెండు రోజులకోసారి వచ్చి చూసిపోతున్నాడు. మీసాలు, తువ్వాలు, వెంట కొత్త డబ్బా. "పెద్దాయన పంపినాడు. తాపుతాండారా లేదా?" అని అడుగుతాడు. ఈ చిక్కు విప్పింది అత్త. నాలుగు రోజులు గొణిగిన మనిషి ఐదో రోజు ఒక్క చుక్కకే మా పార్టీలో చేరిపోయింది.

"తాపుతాండాము నాయనా, ఎందుకు తాపము! కూచో, టీ తాగిపో," అని కిరసనాయిలు స్టవ్ వెలిగించి, పెద్దాయన పంపిన డబ్బాలోంచి నాలుగు స్పూన్ల పొడి టీలో వేసింది. వాడు రెండు గ్లాసులు తాగాడు.

"టీ శానా చిక్కగుంది అవ్వా. యాడివి పాలు?"

"దొడ్డ మనసుండే ఆవువి," అంది ముసలామె.

నేను నవ్వాపుకోలేక స్టెరిలైజరు గదిలోకి పరిగెత్తాను. వాడు పోయాక ఆమె మా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "డబ్బా వద్దనేది ల్యా. నెలనెలా తెచ్చుకుంటాము, దండం పెడతాము. పెద్దాయన వసారాలో మగోళ్ళకు టీ కాసేది నేనే. ఆయన డబ్బా ఆయన మనుషులే తాగనీ." ఆ మీసాల వాళ్ళు ఎంత బలిశారో నేను చూడలేదు గానీ, పథకం మాత్రం పారింది. అవతలి పార్టీలోని తల్లులు ఎవరైనా ఏమైనా చేశారో లేదో నాకు తెలియదు. వాళ్ళ వసారాలో ఇలాంటి అత్త ఉండాలని కోరుకున్నాను.

ఆ తర్వాత ఆరేడు నెలలకు బిడ్డకు ఏదో టీకా వేయించడానికి వచ్చారు. వాణ్ణి చూస్తే నాకు గుండె నిండిపోయింది. బుగ్గలు, మడతలు పడ్డ తొడలు, పిడికిలి నిండా నా కొంగు. ఆ రోజే కంపెనీ ఆయన ఉన్నాడు, మా ఖర్మ. అప్పటికే ప్రభుత్వం చట్టం తెచ్చింది. డబ్బా మీద బిడ్డ బొమ్మ ఉండకూడదు, ప్రచారం చేయకూడదు, ఆసుపత్రుల్లో కానుకలు ఇవ్వకూడదు. గడియారాలు, తెరలు, టవళ్ళు అన్నీ పోయాయి. కంపెనీ ఆయన మాత్రం పోలేదు. ఇప్పుడు ఆయన బ్యాగులోంచి బొమ్మలు తీయడు, ఇంగ్లీషు కాగితాలు తీస్తాడు, దాన్ని శాస్త్రం అంటాడు.

"ఈ బాబు ఎవరండీ, భలే ఉన్నాడే!" అన్నాడు.

డాక్టరు ఛాతీ పొంగింది. "విరేచనాలతో చావుబతుకుల్లో వచ్చాడు. నేనే పాలు మార్చి రాశాను. మీ రెండో రకమే," అన్నాడు. నిజమే అనుకుంటున్నాడాయన, అబద్ధమాడటం లేదు. ఆయన రాసిన చీటీ నా జేబులోనే చిరిగిపోయిందని ఆయనకేం తెలుసు? "నెలనెలా డబ్బాలు పోతున్నాయి కదమ్మా?" అని ఆ పిల్లనడిగాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. బయట బెంచీ మీద మీసాల మనిషి కూర్చుని ఉన్నాడు. "పోతాండాయి సార్," అంది.

కంపెనీ ఆయన అక్కడికక్కడే ఫోటో తీశాడు. నెల తిరక్కుండానే అది పెద్దదై, అద్దాల ఫ్రేములో మా గోడ మీదికి వచ్చింది, ఇంతకుముందు కంపెనీ గడియారం ఉన్న మేకుకే. చట్టం ఉంది కాబట్టి పేరు లేదు, డబ్బా లేదు. ఉత్త బిడ్డ. పేరు చెప్పడానికి డాక్టరు నోరుంది. "చూడమ్మా, చావబోయిన వాడు ఎలా అయ్యాడో," అని వేలు చూపించేవాడు. తల్లులు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఆ తర్వాత చీటీ నా వైపు వచ్చేది. నేను నిజం చెబితే ఆ టీ సంగతి బయటపడుతుంది, బయటపడితే ఆ ఇంటికి జొన్నలు ఆగిపోతాయి, లోపలున్న వాడికి వకీలు ఆగిపోతాడు. నోరు మూసుకున్నాను. కొందరిని వెనక గదికి తీసుకుపోయి చెవిలో చెప్పాను. ఇంకా ఎక్కువమందికి స్పూన్లు రాసిచ్చాను. ముత్యాల్లా.

ఏడాదిన్నర జైల్లో ఉండి ఆ పిల్ల మొగుడు బెయిలు మీద వచ్చాడు. మరుసటి ఏడు ఆమె రెండో బిడ్డనెత్తుకుని వచ్చింది, పదిరోజుల ఆడపిల్ల, కళ్ళు పచ్చబడ్డాయని. పెద్దవాడు మూడేళ్ళు నిండనివాడు, కొంగు పట్టుకుని నడుస్తున్నాడు. డాక్టరు ఇంకా రాలేదు. బెంచీ మీద ఇంకెవరో కొత్త బాలింత, ఆమె తల్లి. ఆ తల్లి గోడ వైపు వేలు పెట్టి, "సిస్టరమ్మా, ఆ బిడ్డ తాగినాడంటనే, ఆ డబ్బా రాసియ్యమ్మా, మా పిల్లకు పాలు చాలడం ల్యా," అంది.

రెండో బిడ్డనెత్తుకుని నిలబడ్డ పిల్ల తలెత్తి గోడ చూసింది. మొదట గుర్తుపట్టలేదు. తర్వాత పకపకా నవ్వింది. "అయ్యో, మావోడే గదా! ఏం తాగినాడని చెప్తాండారు?"

చెప్పాను. చిన్న గొంతుతో చెప్పాను.

నవ్వు ఆగిపోయింది. చంటిదాన్ని ఇంకో భుజానికి మార్చుకుని నా దగ్గరికొచ్చి నిలబడింది.

"బాంబు పడిన పొద్దు మా ఆయన ఈ ప్రొద్దుటూర్లోనే పత్తి యాపారి కాడ ఉండె సిస్టరమ్మా. అవతల పార్టీ మనిషి కోర్టులో ప్రమాణం చేసి, ఊర్లో బాంబెయ్యంగ కండ్లారా చూసినా అన్యాడు. ఏడాదిన్నర లోపలుండె. దొంగసాక్ష్యం అంటే ఏందో నాకు ఎవురూ చెప్పబన్లేదు. వీనికి ఇంగా మాటలు గూడా సరిగ రాలేదు. అప్పుడే వీనితో చెప్పిస్తాండారే!"

డ్రిప్పు బాటిళ్ళు తగిలించడానికి వాడే స్టూలు ఉంది మూలన. దాన్ని గోడ దగ్గరికి లాగి ఎక్కాను. ఫ్రేము మేకుకు బిగుసుకుపోయింది, రెండు చేతులతో లాగితే గాని రాలేదు. దాన్ని ఆమె సంచిలో, చంటిదాని గుడ్డల కింద పెట్టాను. "ఇంట్లో పెట్టుకో. నీ బిడ్డ ఫోటో," అన్నాను. తర్వాత బెంచీ దగ్గరికి పోయి ఆ కొత్త బాలింత పక్కన కూర్చుని, "ఆ బిడ్డ తాగింది ఈమె రొమ్ము. వెనక గదికి రా, చూపిస్తా," అన్నాను. మాట పైకే అన్నాను. ముందు వాకిలి తెరిచే ఉంది.

డాక్టరు వచ్చి ఖాళీ మేకును చూశాడు.

"ఫోటో ఏది సిస్టర్?"

"పడి పగిలిపోయింది సార్," అన్నాను.

అబద్ధమే. ఆ గోడ కింద కూర్చుని, నా చక్కటి చేతిరాతతో, అన్నేళ్ళు నేను చెప్పిన సాక్ష్యాల ముందు అది ఏపాటిది.